సైకియాట్రిస్టుల వినతిపత్రం: మనం సంతకం పెట్టాలా, వద్దా?

రాజోలు రాంబాబు
అందరికీ నమస్కారమండి. మన కోనసీమ జిల్లాలో ప్రాక్టీసు చేసే సైకియాట్రిస్టులు కొందరు కలిసి ఎంపీ గారికీ, ఎమ్మెల్యేలకీ ఒక వినతిపత్రం ఇవ్వబోతున్నారు. మా తమ్ముణ్ణి చూసే డాక్టరు గారు ఆ కాపీ వాట్సాప్‌లో పంపి, పేషెంట్ల ఇళ్ళవాళ్ళు కూడా సంతకాలు పెడితే విలువ పెరుగుతుందన్నారు. ఆయనంటే నాకు గౌరవం, మొహం మీద కాదనలేను. కానీ చదివాక సగం చోట్ల ఇది మనకోసమా, వాళ్ళకోసమా అనిపించింది.

అయిదు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. నాకు అర్థమైనంతవరకు చెప్తాను. సర్కారు సైకియాట్రిస్టు పోస్టులు పెంచాలి, ఏరియా ఆసుపత్రుల్లో పడకలు పెట్టాలి అన్నారు, బాగానే ఉంది. ఆ తరవాత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మార్చాలంటున్నారు. చిన్న నర్సింగ్ హోములకి రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా చెయ్యాలట. పేషెంటు ముందుగా రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశం తీసెయ్యాలట. రోగుల హక్కులు చూసే రివ్యూ బోర్డుకి పంపాల్సిన కాగితాలు తగ్గించాలట.

మా ఇంటి సంగతి ఇక్కడ పాతవాళ్ళకి తెలుసు. తమ్ముడికి స్కిజోఫ్రీనియా. మాత్ర వేసుకున్నట్టే వేసుకుని, నాలిక కింద దాచి, పెరట్లో కొబ్బరి డొక్కల గుట్టలో ఉమ్మేసేవాడు. వానకి తడిసిన డొక్కలు తిరగేస్తుంటే అమ్మకి తెల్లగా నానిపోయిన మాత్రలు దొరికాయి, అప్పటికే వాడికి మళ్ళీ గొంతులు వినిపించడం మొదలైపోయింది. రాత్రిపూట గొడవైతే సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఉండదు, కారు మాట్లాడుకుని చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్ళాలి, మనిషిని పట్టుకుని కూర్చోడానికి ఇద్దరు కావాలి. ఆ కారువాడు అర్ధరాత్రి ఎంత అడుగుతాడో ఈ అయిదు పేజీల్లో ఎక్కడా లేదండి.

పెట్టమంటారా?

పాలకొల్లు పద్మ
పెట్టెయ్యండి రాంబాబు గారూ. మన తరఫున అడిగే నాథుడే లేడు. కిడ్నీ జబ్బు వాళ్ళకోసం ఊళ్ళో ర్యాలీలు తీస్తారు, మన పిల్లల పేరు చెప్పి రోడ్డెక్కేవాళ్ళెవరు? మా అమ్మాయికి బైపోలార్ అని మా ఆడపడుచుకే చెప్పలేదు నేను, సంబంధాలు చెడతాయని. డాక్టర్లయినా వెళ్తున్నారు, అదే పదివేలు.

నేనూ_పేషెంటునే
పద్మ గారూ, మీ బాధ తెలుసు. కానీ ముందస్తు ఆదేశం తీసెయ్యమనే కాగితం మీద నేను సంతకం పెట్టను, మీరూ పెట్టకండి.

సెక్షన్ 5 అది. బాగున్నప్పుడు మనమే రాసిపెట్టుకోవచ్చు, రేపు జబ్బు తిరగబెడితే నాకు ఏ చికిత్స కావాలి, ఏది వద్దు అని. మన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా రాసుకోవచ్చు. నేను రాసుకున్నాను. షాక్ ట్రీట్‌మెంట్ వద్దని రాసుంటానని అందరూ అనుకుంటారు, అదేం కాదు. ఒక ఇంజెక్షన్ పడితే నాకు మెడ పక్కకి తిరిగిపోయి దవడ బిగుసుకుపోతుంది. అది వద్దు, ఫలానాది ఇవ్వండి, మా నాన్నని కాకుండా మా అక్కని పిలవండి అని రాశాను. దీనివల్ల డాక్టరుకి వచ్చిన నష్టమేంటో ఎవరైనా చెప్పండి.

డా_గోదారి
ఆ వినతిపత్రం రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. లాబీయింగ్ అనగానే సూట్‌కేసులు మోస్తున్నామన్నట్టు చూడకండి. రొయ్యల రైతులు కరెంటు రేటు గురించి వెళ్తారు, కొబ్బరి రైతులు మద్దతు ధర గురించి వెళ్తారు, మేం వెళ్తే తప్పేంటి?

రిజిస్ట్రేషన్ సంగతి చెప్తాను. 1987 చట్టంలో, సైకియాట్రీ వార్డు నడిపే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులని లైసెన్సు లెక్కలోంచి బయట పెట్టారు. 2017 చట్టంలో జనరల్ ఆసుపత్రులు, నర్సింగ్ హోములు అన్నిటినీ కలిపేశారు. మానసిక రోగిని చేర్చుకుని ఉంచితే చాలు, అది మానసిక ఆరోగ్య సంస్థ అయిపోతుంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ బిల్లు రోజుల నుంచీ దీనికి అభ్యంతరం చెప్తోంది. మా పక్క ఊళ్ళో ఒక ఫిజీషియన్ తన నర్సింగ్ హోములో నాలుగు పడకలు నా పేషెంట్లకి ఇచ్చేవాడు. రిజిస్ట్రేషన్, రికార్డులు, తనిఖీలు అనేసరికి నమస్కారం పెట్టేశాడు. దాంతో రాంబాబు గారి తమ్ముడు రాత్రిపూట వంతెన దాటాల్సి వస్తోంది. జ్వరం వచ్చినవాడు చేరే చోటే డిప్రెషన్ వచ్చినవాడూ చేరగలిగితేనే కదా ఆ పిచ్చాసుపత్రి ముద్ర పోయేది?

ముందస్తు ఆదేశం తీసెయ్యమనలేదు, సవరించమన్నాం.

రాజోలు రాంబాబు
డాక్టరు గారూ, మూడో పేజీ చివరి పేరా ఒకసారి చూడండి. తొలగించాలి అనే ఉందండి.

డా_గోదారి
ఆ ముక్క మీద మాలో మాకే పడలేదు. అది డ్రాఫ్టు.

కాకినాడ_ప్లీడరు
డ్రాఫ్టు మీద సంతకాలు సేకరించడమేంటి సార్, మా కోర్టులో కూడా చూడలేదు ఇలాంటిది :)

సరే, చట్టంలో ఏముందో చెప్తాను. ముందస్తు ఆదేశం అత్యవసర చికిత్సకి వర్తించదు, సెక్షన్ 9. మనిషి కత్తి పట్టుకుని తిరుగుతుంటే డాక్టరు ఆ కాగితం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు, 72 గంటల దాకా అత్యవసర చికిత్స చెయ్యొచ్చు. మామూలు సమయంలో ఆ ఆదేశం పాటించడం సరికాదని డాక్టరుకో, బంధువుకో అనిపిస్తే సెక్షన్ 11 కింద రివ్యూ బోర్డుని అడిగి మార్పించుకోవచ్చు. కాబట్టి పేషెంటు రాసిందే వేదం అనే భయం అక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ ఎందుకు పెట్టారో కూడా గుర్తు చేసుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక షెడ్డుకి నిప్పంటుకుని 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. అలాంటి చోట్లకి లైసెన్సు లేదు, అడిగినవాడూ లేడు. ఇప్పుడు గొలుసు వెయ్యడం సెక్షన్ 95 కింద నిషేధం. డాక్టరు గారు చెప్పిన నాలుగు పడకల ఫిజీషియన్ మంచివాడే అయ్యుంటాడు. అతనికి ఇచ్చే మినహాయింపు, గేటుకి తాళం వేసి డీ అడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టుకున్నవాడికి కూడా వెళ్తుంది, అదే చిక్కు. ఓపీ మాత్రమే చూసే క్లినిక్కులకి ఎలాగూ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నేనూ_పేషెంటునే
ఆ తాళం వేసిన గేటు లోపల నేను కొన్నాళ్ళున్నాను. పేరూ ఊరూ వద్దు. ఫోను తీసేసుకుని, ఇంటివాళ్ళు వచ్చినప్పుడు పక్కనే ఒకణ్ణి నిలబెట్టేవారు. రిజిస్టరు అడిగే అధికారి ఒక్కడు వచ్చినా ఆ రోజు మాకు పెరుగు వేసేవారు.

భీమవరం_టు_డల్లాస్
ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1844లో పుట్టింది, వాషింగ్టన్‌లో లాబీయింగ్ వాళ్ళకి రోజూ ఉండే పనే. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మానసిక జబ్బుకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2008లో పెద్ద చట్టం వచ్చింది, దానికోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళలో పేషెంట్ల కుటుంబాల సంఘాలతో పాటు ఈ డాక్టర్లూ ఉన్నారు. అదే అసోసియేషన్, సైకాలజిస్టులు మందులు రాసే హక్కు అడిగితే రాష్ట్రం రాష్ట్రానికీ వెళ్ళి అడ్డుపడుతుంది. న్యూమెక్సికో 2002లో, లూసియానా 2004లో ఆ హక్కు ఇచ్చేశాయి, ఆ తరవాత ఇంకొన్ని. పేషెంటు భద్రత కోసమే అంటారు వీళ్ళు, డాక్టరు లేని పల్లెల్లో ఎవరు రాస్తారంటారు వాళ్ళు. రెండింట్లోనూ కొంత నిజముంది.

నే చెప్పేదేంటంటే డాక్టర్లు మన మంచీ అడుగుతారు, వాళ్ళ వృత్తి మంచీ అడుగుతారు, రెండూ ఒకే కవర్లో పెట్టి ఇస్తారు. కవరు విప్పి చూసి సంతకం పెట్టాలి.

వాడివేడి
ఎందుకండీ ఈ చర్చంతా. ఏ ఎమ్మెల్యే చదువుతాడు? మతిస్థిమితం లేనివాళ్ళకి ఓట్లా, డబ్బులా?

పాలకొల్లు పద్మ
మా అమ్మాయికి ఓటుంది. నాకూ ఉంది. మా ఆయనకీ ఉంది.

డా_గోదారి
వాడివేడి గారికి: బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. పదిళ్ళ వీధిలో కనీసం ఇద్దరు ముగ్గురు. వాళ్ళలో ఎక్కువమంది మా గుమ్మం తొక్కరు, తాయెత్తుతో సరిపెడతారు. 2019 అంచనా ప్రకారం దేశంలో లక్ష జనాభాకి 0.75 సైకియాట్రిస్టులే ఉన్నారు, ముగ్గురుండాలంటారు. 2022లో ఏర్పడ్డప్పుడు 17 లక్షల పైచిలుకు జనం ఉన్న కోనసీమ జిల్లాకి ఆ లెక్కన 50 మంది కావాలి. పోస్టులు అడగడం మా స్వార్థమేనంటారా?

మాజీ_పీఏ
నేను ఒక ఎమ్మెల్యే దగ్గర చాలాకాలం పీఏగా చేశాను, ఏ పార్టీ అని అడక్కండి. వాడివేడి గారు చెప్పిందాంట్లో సగం కరెక్టు, ఎవరూ చదవరు. కానీ చదవకపోవడానికి కారణం వేరు.

అయిదు పేజీల ఇంగ్లీషు కాగితం వస్తే మేం చేసేది ఇదీ. శాలువా కప్పించుకున్నాక ఫోటో దిగుతారు, కాగితం నా చేతికొస్తుంది, నేను బీరువాలో పెడతాను. మొదటి పేజీలో చట్టం సవరించాలి అని కనిపించిందంటే మరీ సులువు, ఇది కేంద్రం పని అని రాసి ఎంపీ ఆఫీసుకి తోసేస్తాం. ఎంపీ ఆఫీసు వాళ్ళు ఆసుపత్రులు రాష్ట్రం పని అని వెనక్కి తోస్తారు. ఎవరి దగ్గర ఏం అడగాలో తెలియకపోతే ఇంతే.

తెలుగులో ఒక్క పేజీ రాయండి. ఒక్కొక్కరిని వాళ్ళ చేతిలో ఉన్న పనే అడగండి. ఎమ్మెల్యేని అడిగితే కలెక్టరుకి, జిల్లా వైద్యాధికారికి లెటర్‌హెడ్ మీద సిఫారసు ఇస్తాడు, అసెంబ్లీలో ప్రశ్న వేస్తాడు. ప్రశ్న అంటే చిన్నచూపు చూడకండి, ప్రశ్న పడిందంటే శాఖ నుంచి జవాబు రాయాల్సిందే, ఆ జవాబు కోసం కింద ఆఫీసుల్లో ఫైళ్ళు కదులుతాయి. ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని ఖాళీ, బోర్డు ఎన్నిసార్లు కూర్చుంది అని అడిగిస్తే చాలు. ఇంకో మాట, వెళ్ళేటప్పుడు అమ్మల్ని తీసుకెళ్ళండి. తెల్లకోటు వాళ్ళొస్తే మా సారు వాచీ చూసుకునేవాడు, ఒకావిడ కొడుకు మందుల సంచి టేబుల్ మీద పెడితే మాత్రం కుర్చీ వెయ్యమనేవాడు.

కాకినాడ_ప్లీడరు
పీఏ గారు అసలు సంగతి పట్టుకున్నారు. మానసిక రోగం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, 16వ అంశం. అందుకే చట్టం పార్లమెంటు చేసింది. ఆసుపత్రులు, ప్రజారోగ్యం మాత్రం రాష్ట్ర జాబితా. సవరణకి ఎంపీ. పోస్టులు, మందులు, బోర్డులకి ఎమ్మెల్యే. రివ్యూ బోర్డుని వేసేది కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీయే.

డాక్టరు గారు బోర్డుని అడ్డంకి అనుకుంటున్నారు, నాకు ఆశ్చర్యం అక్కడే. అందులో జిల్లా జడ్జి స్థాయి మనిషి అధ్యక్షుడు, కలెక్టరు ప్రతినిధి ఒకరు, సైకియాట్రిస్టు ఒకరు, ఇంకో డాక్టరు, మరో ఇద్దరు పేషెంట్ల వైపు నుంచో సంరక్షకుల వైపు నుంచో స్వచ్ఛంద సంస్థల నుంచో. ఆడమనిషిని గానీ మైనరుని గానీ సొంత అంగీకారం లేకుండా చేర్చుకుంటే మూడు రోజుల్లో, మిగతావాళ్ళయితే ఏడు రోజుల్లో బోర్డుకి తెలపాలి. 30 రోజులు దాటి ఉంచాలన్నా, మైనరుకి షాక్ ఇవ్వాలన్నా బోర్డే. బోర్డు సరిగ్గా కూర్చోకపోతే నేనూ_పేషెంటునే గారు ఫిర్యాదు ఎవరికిస్తారు? ఆ ఆదేశం తప్పని డాక్టరు గారు ఎవరికి మొరపెట్టుకుంటారు? ఇద్దరికీ కావలసింది నెలనెలా పనిచేసే బోర్డు. దాన్ని బలహీనం చెయ్యమని అడగడం డాక్టర్లకే నష్టం.

డా_గోదారి
ప్లీడరు గారూ, మీరు చెప్పింది కాగితం మీద బాగుంది. రాత్రి పదకొండింటికి ఫారాలు నింపేది నేను. ఓపీలో నూటికి పైగా మనుషులుంటే ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలొస్తాయో లెక్కేసుకోండి. ఆ ఫారాలు రాసేందుకు ఒక సోషల్ వర్కర్ని ఇమ్మని అడిగితే దానికి మీరూ ఒప్పుకుంటారా?

కాకినాడ_ప్లీడరు
రెండు చేతులా సంతకం పెడతాను.

మందుల_మూర్తి
మెడికల్ షాపు నుంచి ఒక ముక్క. అందరూ చట్టం చట్టం అంటున్నారు, స్కిజోఫ్రీనియాకి వాడే ఓలంజపిన్ మాత్ర గురించి ఎవరూ మాట్లాడరేంటి? సర్కారు ఆసుపత్రిలో ఒక నెల ఇస్తారు, ఒక నెల లేదంటారు, అప్పుడు మా కొట్టుకొస్తారు. డబ్బు చాలక పది మాత్రలు ఇవ్వమంటారు. పది రోజులు వేసుకుని ఆపేస్తారు, మళ్ళీ మొదటికి. లిథియం వాడేవాళ్ళు రక్తంలో అది ఎంతుందో చూపించుకుంటూ ఉండాలి, క్లోజపిన్ వాళ్ళు తెల్లకణాలు చూపించుకోవాలి. గోదారి మధ్యనున్న లంక గ్రామం నుంచి టెస్టు కోసం టౌనుకి రావాలంటే ఒక కూలి పోతుంది. మా కొట్టువాళ్ళకి ఇది వ్యాపారమే, అయినా చెప్తున్నాను.

కాకినాడ_ప్లీడరు
మూర్తి గారూ, సెక్షన్ 18లో అది స్పష్టంగా ఉంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక రోగాల మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. అదే సెక్షన్లో చికిత్స కోసం మనిషి చాలా దూరం పోవాల్సిన అవసరం ఉండకూడదని ఉంది. కనీస సేవలు జిల్లాలో లేకపోతే, జిల్లాలోనే వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలని కూడా ఉంది. రాంబాబు గారూ, మీ వంతెన ప్రయాణం గురించి పార్లమెంటు ఎప్పుడో రాసింది. ఎవరూ అడగలేదు, అంతే.

సెక్షన్ 31 కూడా చూడండి. చట్టం అమల్లోకొచ్చిన పదేళ్ళలో జనాభాకి సరిపడా మానసిక వైద్య నిపుణులు ఉండేలా ప్రభుత్వం ప్రయత్నించాలి. అమల్లోకొచ్చింది 2018లో. అంటే గడువు 2028. డాక్టర్ల అయిదు పేజీల్లో ఈ మాట లేకపోవడం నాకు విచిత్రంగా ఉంది, పోస్టులు అడగడానికి ఇంతకంటే పదునైన ఆయుధం ఏముంటుంది?

పాలకొల్లు పద్మ
మరి ఇన్సూరెన్సు? అమ్మాయిని చేర్పించినప్పుడు మా కంపెనీ వాళ్ళు మానసిక జబ్బుకి వర్తించదని తిప్పి పంపేశారు.

కాకినాడ_ప్లీడరు
అలా అనకూడదమ్మా. సెక్షన్ 21 ప్రకారం ఒంటి జబ్బుతో సమానంగా ఇవ్వాలి, 2018 ఆగస్టులోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకి ఆదేశం ఇచ్చింది. పాలసీ కాగితం, తిరస్కరించిన ఉత్తరం దగ్గర పెట్టుకుని ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తరవాత బీమా అంబుడ్స్‌మన్‌కి రాయండి. అసలు ఇబ్బంది ఇంకోటుంది. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, మన ఖర్చంతా ఓపీ, మందులు. ఎంపీని అడగాల్సింది అది.

ఎరువుల_కొట్టు
మధ్యలో దూరుతున్నాను. మీరంతా జబ్బున్నవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. మా కొట్లో పురుగుమందు డబ్బా కొనేవాడికి ఏ జబ్బూ ఉండకపోవచ్చు, అప్పు ఉంటుంది, ఇంట్లో గొడవ ఉంటుంది. కోపంలో ఇంట్లో ఉన్న డబ్బా అందుకుంటాడు. శ్రీలంకలో మరీ విషపు మందుల్ని 1995 నుంచి వరసగా ఆపేస్తే ఆత్మహత్యలు బాగా తగ్గాయని చదివాను. అది కూడా మానసిక ఆరోగ్యమే కదా? అమ్ముకునేవాణ్ణే చెప్తున్నాను.

డా_గోదారి
చాలా మంచి పాయింటు, మా కాగితంలో పెట్టిస్తాను. బతికి బయటపడ్డవాళ్ళ మీద కేసు పెడతారని ఇప్పటికీ దాచిపెట్టి ఆలస్యంగా తెస్తారు. 2017 చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ అలాగే లేదు, ప్రభుత్వోద్యోగిని తన విధి విషయంలో బలవంతపెట్టడానికో అడ్డుకోడానికో చేస్తే మాత్రం నేరం. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తారు, అది రికార్డు కోసం. ఎమ్మెల్సీ అనగానే మండలి సభ్యుడు వస్తాడని కంగారు పడ్డవాళ్ళని కూడా చూశాను.

రాజోలు రాంబాబు
అందరికీ ధన్యవాదాలండి. డాక్టర్ల కాగితం మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టను. మన పేజీ మనం విడిగా రాసి, డాక్టరు గార్లతో కలిసే వెళ్దాం అనుకుంటున్నాను. ఇలా రాశాను, చూడండి:

"అయ్యా, మేము మానసిక రోగుల కుటుంబాల వాళ్ళం, కొందరం రోగులం. జిల్లాలో మందులు ఏ నెలా ఆగకుండా ఇప్పించండి. రివ్యూ బోర్డు మా జిల్లా కేసులు ఎప్పుడెప్పుడు విన్నదో అసెంబ్లీలో అడగండి. సైకియాట్రిస్టు పోస్టులు నింపండి, డాక్టరుకి ఫారాలు రాసే మనిషిని ఇవ్వండి. లంక గ్రామాల నుంచి రాత్రిపూట తీసుకెళ్ళడానికి వాహనం ఏర్పాటు చెయ్యండి. ముందస్తు ఆదేశం ఉంచండి. రిజిస్ట్రేషన్ ఉంచండి, చిన్న ఆసుపత్రులకి దాన్ని సులువు చెయ్యండి. ఇవన్నీ 2017 చట్టంలో ఉన్నవే, లేనివి కావు."

నేనూ_పేషెంటునే
వాహనం అన్న చోట 'పోలీసు జీపు కాదు' అని కలపండి. మిగతాది బాగుంది. నా సంతకం ఖాయం, నా పేరుతోనే.

డా_గోదారి
చివరి వాక్యం నిజం కాదు, రాత్రి వాహనం ఏర్పాటు చట్టంలో అలా లేదు. 'చాలావరకు' అని మార్చండి. రిజిస్ట్రేషన్ ఉంచమన్నదానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను, సులువు చెయ్యమన్నదానికి ఒప్పుకుంటాను. మూడో పేజీ పేరా గురించి మావాళ్ళతో ఆదివారం మాట్లాడతాను, తీయిస్తానని మాట ఇవ్వలేను.

మాజీ_పీఏ
ఎమ్మెల్యే దగ్గరికి పొద్దున్నే వెళ్ళండి, పదైతే మనిషి దొరకడు. అదే కాగితం ఇంకో కాపీ సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదుల వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. నంబరు లేని కాగితానికి నాలాంటి వాళ్ళే మోక్షం ఇచ్చేది.

పాలకొల్లు పద్మ
నేను వస్తాను. మాది పశ్చిమ గోదావరి కదా, ఫర్వాలేదా? ఇంకోటి, ఫోటోలు తీస్తారా? అమ్మాయి పేరు, ఫోటో పేపర్లో పడకూడదు.

కాకినాడ_ప్లీడరు
రండమ్మా, కలెక్టరేట్ కాపీ మాత్రం భీమవరంలో విడిగా ఇవ్వాలి. పేషెంటు అంగీకారం లేకుండా ఫోటో గానీ వివరాలు గానీ మీడియాకి ఇవ్వకూడదు, సెక్షన్ 24. మందుల సంచి తీసుకెళ్తే సంచి మీది పేరు చింపెయ్యండి.

మందుల_మూర్తి
జిరాక్సులు నా షాపు పక్కనే, ఖర్చు నాది. ఎన్ని కాపీలు తియ్యమంటారు?

రాజోలు రాంబాబు
ఇరవై తియ్యండి మూర్తి గారూ. పద్మ గారూ, చించినాడ దగ్గర ఎక్కించుకుంటాను, కారు నాదే. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు దాని కాపీ కూడా పట్టుకురండి. మా తమ్ముడికి స్లాట్ ఇంకా రాలేదు, ఎవరికైనా ఈ మధ్య దొరికిందా?